ఇంటి యరుగున బాలల గ్రంథాలయము

మా వీథిలో ఇంటింటను బడికి పోవు పిల్లలు కలరు. వారిలో నొక బాలికకు సెలవునాడు బడిపుస్తకము గాక వేఱొక పుస్తకము చదువ బుద్ధి పుట్టినచో, ఆమె యెచ్చటికి పోవలెను? మొన్న నొక సాయంకాలము మా యింట ఈ ప్రసంగము వచ్చినది. పట్టణ గ్రంథాలయము పెద్దబాట కావల నున్నది. ఆ బాట దాటి పోవుటకు ఎనిమిదేండ్ల పిల్లను ఒంటరిగా పంపుటకు ఏ తల్లియు నొప్పుకొనదు. అంగడిలో బొమ్మల పుస్తకము వెల చూచి తండ్రులు వెనుదిరుగుదురు. ఇక సెల్ ఫోను మాత్రము అడుగకయే చేతికి వచ్చును. "మనమే యొక పెట్టెలో పుస్తకములు పెట్టి పిల్లలకు ఎరువుగా ఇచ్చిన నేమి?" అని పొరుగింటి పిన్నిగారు అనిరి. "అవన్నియు సర్కారు చేయవలసిన పనులమ్మా" అని తాతగారొకరు కొట్టివేసిరి.

ఈ రెండు మాటలును వినుటకు ఒకదానికొకటి విరుద్ధములుగా తోచును. కాని పిల్లల గ్రంథాలయములు లోకమున నెట్లు పుట్టినవో కొంత తఱచి చూచినవారికి రెండును నిజమేయని తెలియును. మొదటి పని తఱచుగా నొక మనిషి, ఒక యిల్లు చేసినవి. ఆ పనిని నిలిపినది మాత్రము ఊరు. ఈ రెండవ చేయి అందని చోట, పుస్తకములు పెట్టినవారు ఊరు మాఱినను, మంచమెక్కినను, పెట్టె మూతపడినది. మేము చెప్పబోవు నాలుగైదు కథలును ఈ సంగతినే వేఱువేఱు దేశములనుండి చెప్పుచున్నవి.

అమెరికాలోని కనెక్టికట్టు రాష్ట్రమున సాలిస్‌బరీ యను చిన్న యూరు కలదు. ఆ యూర పుట్టి, బోస్టను నగరమునకు పోయి, పాఠ్యపుస్తకములు వ్రాసి, అచ్చువేసి, అమ్మి పేరు గడించినవాడు కేలెబ్ బింగమ్. చిన్ననాట చదువవలెనని ఎంత కోరిక యున్నను పుస్తకము దొరకక పడిన బాధ నాతడు మఱచిపోలేదు. 1803లో 150 పుస్తకములు పోగుచేసి, తొమ్మిదేండ్లు మొదలు పదునాఱేండ్ల వఱకుగల పిల్లల కొఱకని పుట్టినయూరికి పంపెను. 1810లో ఊరివారు సభకూడి, ఆ గ్రంథాలయమునకు మఱికొన్ని పుస్తకములు కొనుటకై ఊరి సొమ్మునుండి 100 డాలర్లు ఇచ్చిరి. పిల్లలు సరదాకు చదువుకొను పుస్తకములకై ప్రజల పన్నుసొమ్ము ఖర్చుపెట్టుట ఆ కాలమున వింత. ఆ పుస్తకములను నేటి పిల్లలు చూచిన పాఱిపోవుదురేమో. మతబోధలు, చరిత్రలు, దూరదేశ యాత్రలు, ఇట్టివే వానిలో నెక్కువ. పిల్లలకని వేఱుగా వ్రాయు అలవాటు అప్పటికింకను బలపడలేదు.

ఈ బింగమ్ పేరు మఱియొక విధముగను చరిత్ర కెక్కినది. ఆతడు 1797లో కొలంబియన్ ఆరేటర్ అను వక్తృత్వ పాఠముల పుస్తకము వెలువరించెను. బాల్టిమోరు నగరమున బానిసగానున్న ఫ్రెడరిక్ డగ్లస్ అను బాలుడు, బూట్లు తుడిచి కూడబెట్టిన యేబది సెంట్లతో ఆ పుస్తకమును కొని, చాటుగా చదివి, కాలక్రమమున బానిసత్వమును ఎదిరించిన మహావక్త యయ్యెను. ఆ పిల్లవానికి ఏ గ్రంథాలయమును తలుపు తెఱవలేదు; చదువు నేర్పుటయే తప్పని ఆతని యజమాని భావించెను. కావున పిల్లల గ్రంథాలయమను మాట వచ్చినపుడెల్ల, ఏ పిల్లలకు అని అడుగక తప్పదు. ఈ ప్రశ్నకు మఱల వత్తుము.

మసాచుసెట్సు రాష్ట్రమున, నేడు ఆర్లింగ్టను అని పిలువబడుచున్న యూరికి పూర్వము పశ్చిమ కేంబ్రిడ్జి యని పేరు. ఎబెనెజర్ లెర్నెడ్ అను వైద్యుడు తాను విద్యార్థిగా నున్నపుడు సెలవు దినములలో ఆ యూర బడిపంతులుగా పనిచేసి, ఆ జీతముతో తన చదువు సాగించుకొనెను. ఆ కృతజ్ఞతచేత ఆతడు మరణశాసనమున 100 డాలర్లు ఆ యూరి పిల్లల గ్రంథాలయమునకు వ్రాసి పోయెను. ఆ శాసనమున నొక మెచ్చదగిన సంగతి యున్నది. బడిలో నున్న పిల్లలకే గాక, బడికి పోవు హక్కుగలవారికి సయితము పుస్తకములు దొరకవలెనని ఆతడు కోరెను. బడి మానిన పిల్లవానికి చదువుతో సంబంధము తీఱినదని తలచువారు ఆనాడును కలరు, నేడును కలరు. వైద్యుడు అట్లు తలపలేదు.

1835లో ఆ గ్రంథాలయము తెఱవబడెను. దానికి భవనము లేదు. టోపీలు కుట్టి బ్రతుకు జోనాథన్ డెక్స్‌టర్ అను పనివాడు తన యింటనే పుస్తకముల నుంచుకొనుట కొప్పుకొనెను. వారమంతయు టోపీలు చేయుట, శనివారము మధ్యాహ్నము తలుపు తెఱచి పిల్లలకు పుస్తకము లిచ్చుట, ఇది ఆతని పద్ధతి. పిల్లలు ఆతనిని డెక్స్‌టరు మామయని పిలిచెడివారు. ఆతడు గొప్ప పండితుడని ఎవ్వరును చెప్పలేదు. ఆతనికి ఇల్లున్నది, వారమున కొక పూట పిల్లల కీయగల ఓపిక యున్నది. మా యభిప్రాయమున గ్రంథపాలకునకు కావలసిన మొదటి గుణము ఇదియే. ఎంత విద్యావంతుడైనను శనివారము తలుపు తీయనివాడు ఈ పనికి చాలడు.

రెండేండ్లు గడచినవి. 1837లో ఊరివారు సభలో తీర్మానించి ఏటేట 30 డాలర్లు ఆ గ్రంథాలయమునకు ఇచ్చుట కొప్పుకొనిరి. ఊరిలోని కుటుంబములన్నిటికిని అది ఉచితమయ్యెను. ముప్పది డాలర్లు ఆనాటికిని పెద్ద మొత్తము కాదు. కాని ఏటేట అను మాటలో నున్నది బలము. వైద్యుని నూఱు డాలర్లు ఒక్కమాఱు వచ్చి ఒక్కమాఱు అయిపోవునవి. పుస్తకము చినుగును, పోవును, పిల్లలు చదివినదే చదివి విసుగుదురు. ఏడాది కొకమాఱు నాలుగు కొత్త పుస్తకములు రానిచో ఎంతటి గ్రంథాలయమైనను మూడవయేట పాతసామానుల గది యగును. ఊరి ముప్పది డాలర్లు వచ్చుటచేతనే డెక్స్‌టరు మామ యింటి పుస్తకములు డెక్స్‌టరు మామతో అంతరింపలేదు. ఆ పిల్లల గ్రంథాలయమే క్రమముగా పెద్దలకును గ్రంథాలయమై, 1892లో రాబిన్స్ గ్రంథాలయమను చక్కని భవనము చేరెను. సాధారణముగా పెద్దల గ్రంథాలయమున నొక మూల పిల్లలకు కేటాయింతురు. అచ్చట పిల్లలదే పెరిగి పెద్దలకు చోటిచ్చినది.

ఏబదేండ్ల తరువాత అదే రాష్ట్రమున, బోస్టను నగరపు పేదవాడలలో మఱియొక యేర్పాటు జరిగెను. అప్పటికి ఆ నగరమున పెద్ద గ్రంథాలయము లేకపోలేదు. కాని పేదవాడ పిల్లలు దాని మెట్లెక్కుటకు జంకెడివారు. 1887లో బాలసహాయ సంఘమునకు చెందిన చార్లెస్ బర్ట్‌వెల్ అను నాతడు ఒక చిన్న బీరువా చేయించి, అందు ఇంచుమించు పదునైదు మంచి పుస్తకములు పెట్టి, దానిని ఒక పేదయింట నుంచెను. చుట్టుప్రక్కల పిల్లలు పదిమంది దానికి సభ్యులు. వారమున కొకమాఱు సంఘమువారి పక్షమున నొకరు వచ్చి, పిల్లలతో కూర్చుండి, చదివినదానిని గూర్చి మాటలాడి, ఆటలాడించి పోయెడివారు. పిల్లలు ఆ పుస్తకములన్నియు చదివిన పిమ్మట ఆ పెట్టె మఱియొక వాడకు పోవును; ఆ వాడ పెట్టె ఇచ్చటికి వచ్చును. దీనికి గృహగ్రంథాలయమని పేరు పెట్టిరి. ఇతర నగరములును దీనిని అనుసరించినవి.

ఈ యేర్పాటులో మాకు మిక్కిలి నచ్చినది, ఆ యింటి పిల్లలలో నొకరే గ్రంథపాలకులుగా నుండుట. పుస్తకము ఎవరు తీసికొనిరి, ఎవరు తెచ్చియిచ్చిరి అని వ్రాసికొను బాధ్యత పదేండ్ల పిల్లదో పిల్లవానిదో. పిల్లలకు పుస్తకములిచ్చిన పాడుచేయుదురని భయపడు పెద్దలు ఈ సంగతి గమనింపవలెను. పుస్తకముల లెక్క పిల్లలచేతికే ఇచ్చినపుడు, తోడిపిల్లలు పుస్తకమును అట్టచించి తెచ్చుటకు పెద్దలయెదుట కంటె నెక్కువగా సిగ్గుపడుదురు. ఇక ఆ పనిలో దోషమును లేకపోలేదు. వచ్చు పెద్దలలో కొందఱికి పేదలను ఉద్ధరించుచున్నామను భావము మిక్కుటముగా నుండెడిది. ఆ భావము పిల్లలకు వెంటనే తెలియును. అయినను పదునైదు పుస్తకములతో గ్రంథాలయము పెట్టవచ్చునని మొదట నిరూపించినది ఆ పెట్టెయే. పదునైదు పుస్తకములు మన వీథిలో ఏ యింటనైనను దొరకును.

ఇక మన దేశము మాటకు వత్తుము. తెలుగునాట గ్రంథాలయోద్యమ చరిత్ర గర్వింపదగినది. విశాఖపట్టణమున మంతెన ఆదినారాయణమూర్తిగారు 1886లోనే గ్రంథాలయము స్థాపించిరి. హైదరాబాదున 1901 సెప్టెంబరు 1వ తేదీన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము పుట్టినది. నేడు సుల్తాన్ బజారున సొంత భవనములో నున్న ఆ నిలయము మొదట వెలసినది రావిచెట్టు రంగారావుగారి యింటిలోనే. తెలుగు చదువుటకు ప్రోత్సాహము లేని నగరమున తెలుగు పుస్తకమునకు మొదట చోటిచ్చినది ఒక గృహస్థుని యిల్లు. 1914 ఏప్రిలు 10వ తేదీన బెజవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి యధ్యక్షతను ఆంధ్రదేశపు గ్రంథాలయముల ప్రతినిధులు తొలి మహాసభ జరిపిరి. దానికి ప్రాణముగా నిలిచిన అయ్యంకి వెంకటరమణయ్యగారు 1919 నవంబరు 14వ తేదీన చెన్నపురిలో అఖిలభారత గ్రంథాలయ మహాసభను కూర్చిరి. 1935లో పాతూరి నాగభూషణముగారు గుంటూరు మండలమున పెదవడ్లపూడి ప్రాంతపు కాలువమీద పడవలో పుస్తకములు పెట్టి తీరపు పల్లెలకు అందించిరి.

ఇంతటి ఉద్యమమున పిల్లల వాటా యెంత? ఈ ప్రశ్న వేసినపుడు మేము కొంచెము చిన్నబుచ్చుకొనక తప్పదు. మనవారి గ్రంథాలయములు ప్రధానముగా వార్తాపత్రిక చదువు పురుషుల కూడలి స్థానములుగా పెరిగినవి. దానికి కారణము లేకపోలేదు. స్వాతంత్ర్యోద్యమమునకు అవి పట్టుగొమ్మలు. పైగా పిల్లలకిచ్చుటకు తెలుగున పుస్తకములే తక్కువ. న్యాయపతి రాఘవరావుగారి బాల 1945లోను, చందమామ 1947లోను వెలువడు వఱకు పిల్లలు నెలనెల ఎదురుచూచు పత్రిక మనకు అరుదు. ఆ రెండును నేడు వెలువడుట లేదు. కాని చందమామ యింటికి వచ్చిన దినమున అన్నదమ్ములు దానికై పెనుగులాడిన సంగతి మా తరమువారి కందఱికిని తెలియును. ఆ పెనుగులాట చూచిన యే తల్లియు పిల్లలకు చదువుమీద ఆసక్తి లేదని చెప్పజాలదు. బడోదా సంస్థానమున 1910లో ఆరంభమైన గ్రంథాలయ వ్యవస్థ మాత్రము కేంద్ర గ్రంథాలయమున పిల్లలకొక ప్రత్యేకపు గదిని, ఆటవస్తువులతో సహా ఏర్పఱచెను.

మా చిన్నతనమున మేమెఱిగిన యొక గ్రంథాలయమున అద్దపు బీరువా నిండ బొమ్మల పుస్తకములుండెడివి. దానికి తాళము. తాళపుచెవి కార్యదర్శిగారి యింట. కార్యదర్శిగారు సాధువే, కాని పుస్తకము నలిగిన సంవత్సరాంతపు లెక్కలో తమకు మాటవచ్చునని ఆయన భయము. మేము అద్దమునకు ముక్కు ఆనించి అట్టలమీది బొమ్మలు చూచి వచ్చెడివారము. ఆ పుస్తకములు నేటికిని నలుగక యుండి యుండును, చెదలు తినకున్నచో.

ఇక ఏ పిల్లలకు అను ప్రశ్న. ఇంట గ్రంథాలయము పెట్టుటలో మన దేశమున నొక చిక్కు కలదు. మన యిండ్లకు గడపలు కలవు. కొందఱి పిల్లలు కొన్ని గడపలు త్రొక్కరాదను దురాచారము చిరకాలము మనలను పట్టి యుండెను. చట్టమున అది పోయినది. మనసున నెంతవఱకు పోయినదో ఎవరి గుండెమీద వారు చేయి వేసికొని చూచుకొనవలెను. పుస్తకముల పెట్టె నడవలోపలి గదిలో నుంచినచో, పాచిపని చేయువారి బిడ్డ వచ్చి అడుగునా? ఆ బిడ్డ రానిచో అది వీథి గ్రంథాలయము కాదు, బంధువుల గ్రంథాలయము. అందుచేతనే మేము అరుగుమీద పెట్టవలెనందుము. అరుగు ఇంటిదియును, వీథిదియును. అచ్చట కూర్చుండుటకు ఎవ్వరి యనుమతియు నక్కఱలేదు. ఆడపిల్లలకును అరుగు మేలు. చీకటి పడిన తరువాత ఊరి నడుమకు పోవలసిన పని లేదు, కేకవేసిన తల్లికి వినబడును. నేటి అపార్టుమెంటులలో అరుగు లేదందురా, మెట్ల క్రింది చోటున్నది. కాని అచ్చటను కాపలావాని పిల్లలకు సమానముగా చోటుండవలెను.

ఇల్లు మొదలుపెట్టిన పనిని ఊరు అందుకొనుట ఎట్లుండునో జపాను దేశపు కథ తేటగా చూపును. ఆ దేశమున ఇంటి గ్రంథాలయమునకు బుంకో యని వాడుక. ఆంగ్ల నవలలను జపాను భాషలోనికి తెచ్చిన మురవోక హనకో యను విదుషికి మిచియో యను నొక్క కొడుకు. ఆ బిడ్డ 1926లో చిన్నతనముననే కాలము చేసెను. 1952లో ఆమె తన యింట పొరుగు పిల్లలకై పుస్తకముల గది తెఱచి దానికి మిచియో బుంకో యని ఆ బిడ్డ పేరు పెట్టెను. 1955లోను, మఱుసటి యేటను త్సుచియ యను గృహిణి అట్టివి రెండు స్థాపించెను. 1957లో వీరందఱును చేరి ఇంటి గ్రంథాలయముల సంఘము పెట్టుకొనిరి. ఆ సంఘమున నుండిన ఇషీ మొమొకో యను రచయిత్రి 1954లో అమెరికా కెనడాలకు పోయి అచ్చటి పిల్లల గ్రంథాలయములు చూచి వచ్చి, 1958లో టోక్యో నగరమున ఓగికుబో ప్రాంతమున తన యింటిలో నొక గది పిల్లలకు విడిచి, కట్సుర బుంకో యని పేరిడెను.

ఇషీగారు చేసిన పనిలో విశేషము, ఏ పిల్లవాడు ఏ పుస్తకము తీసికొనెను, ఏది మఱల మఱల అడిగెను, ఏది చదువక తిరిగి యిచ్చెను అను సంగతులను ఓపికగా గమనించుట. పెద్దలు మెచ్చిన నీతిపుస్తకములు కొన్ని కదలక యుండుటయు, తాము తేలికగా చూచినవి చినుగునంతగా చేతులు మాఱుటయు ఆమె చూచెను. ఏడేండ్ల యనుభవమును 1965లో చిన్న పుస్తకముగా వ్రాసెను. అది చదివి దేశమంతట తల్లులు తమ యిండ్లలో బుంకోలు తెఱచిరి. కాలక్రమమున వాని సంఖ్య వేలకు పెరిగెను. కాని ఆమె యా పుస్తకమున బుంకోలనే పొగడి యూరకుండలేదు. ఇవి చాలవు, పన్నుసొమ్ముతో నడచు గ్రంథాలయములలో పిల్లలకు చోటు కావలెనని గట్టిగా వాదించెను. తన యింటి తలుపు తెఱచినవారు అన్న మాట గనుక దానికి విలువ వచ్చినది. తలుపు తీయనివారు సర్కారును తిట్టుట వేఱు.

అదే 1965వ సంవత్సరమున టోక్యో ప్రక్కనున్న హినో పట్టణము భవనము లేకయే గ్రంథాలయము నారంభించెను. ఒక మోటారుబండి నిండ పుస్తకములు. బండి పేరు ప్రొద్దుతిరుగుడు పువ్వు. అది వాడలలో ఆగినచోటనెల్ల పిల్లలును తల్లులును ముసరుకొనిరి. మఱుసటి యేట పిల్లల గ్రంథాలయమునకు చోటు కావలసివచ్చినపుడు, పనినుండి తీసివేసిన పాత ట్రాముబండి నొకదానిని తెచ్చి నిలిపి, అందు అలమారులు పెట్టి పిల్లలకు విడిచిరి. మన కాలువలో పడవ తేలిన ముప్పదియొక యేడులకు వారి వాడలో ట్రాము నిలిచినది. 1974లో త్సుచియగారి రెండు బుంకోలు, ఇషీగారి కట్సుర బుంకో, మత్సువొక క్యోకోగారి మత్సునోమి బుంకో, ఈ నాలుగును కలిసి టోక్యో బాల గ్రంథాలయమను సంస్థ యయ్యెను. ఇషీగారు 2008లో నూటయొకటవ యేట కాలము చేసిరి. ఆమె యిల్లు మూతపడలేదు.

మన దేశమున ఊరు పట్టుకొనవలసిన చేయి కాగితముమీద ఎప్పుడో చాపబడినది. 1948లో మద్రాసు రాష్ట్రమున గ్రంథాలయ చట్టము వచ్చినది. 1955లో హైదరాబాదు రాష్ట్రమున, 1960లో ఆంధ్రప్రదేశమున వచ్చినవి. ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ పన్ను మనము కట్టుచున్నాము. రసీదు తీసి చూచినవారికి కనబడును. 1968 మొదలు నవంబరు 14వ తేదీతో గ్రంథాలయ వారోత్సవములు ఆరంభించుట మన దేశమున ఆచారమైనది. అది చెన్నపురి మహాసభ నాటి తేదీ. బాలల దినోత్సవమును ఆనాడే. ఒకే దినమున రెండు పండుగలు జరుపుకొని, రెంటిని కలుపుట మఱచినవారము మనము.

మా వీథి సంగతి చెప్పి ముగింతుము. పిన్నిగారి యరుగుమీద వచ్చు శనివారము నాలుగు గంటలకు పెట్టె తెఱచుటకు నిశ్చయమైనది. ఇంటికి రెండు పుస్తకముల చొప్పున అడుగగా ముప్పదియేడు వచ్చినవి. వానిలో పదునొకండు పెద్దల పంచాంగములు, వంటల పుస్తకములు గనుక తీసివేసితిమి. ఎరువు పుస్తకము వ్రాయు పని వీథి చివరి ఇస్త్రీ బండివారి అమ్మాయికి ఒప్పగించితిమి. అక్షరము గుండ్రముగా వ్రాయును. చినిగిన పుస్తకమునకు జరిమానా వలదని పిన్నిగారును, పావలా యైనను ఉండవలెనని తాతగారును ఇంకను వాదించుచున్నారు. పావలా చెలామణి 2011లోనే పోయినదని మనుమడు జ్ఞాపకము చేసెను. తాతగారు అట్లయిన జరిమానాగా చినిగినవాడే జిగురు పెట్టి అతికింపవలెననిరి. దీనికి అందఱును ఒప్పుకొనిరి. ఏడాది కొత్త పుస్తకములకు పురపాలక సంఘమునకును, జిల్లా గ్రంథాలయ సంస్థకును అర్జీ వ్రాయు పని ఆయనదే. మొదటి అర్జీ బల్లమీద నున్నది. సంతకములు ఇంకను పండ్రెండు కావలెను.